లంగడ్‌కు ఓటేసినం

(మండల కేంద్రంలో పుస్తకాల మీద జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేమిద్దరం ఆలుమగలం. బడిలో పంతుళ్లుగా చేసి రిటైరైనోళ్లం. ఒకరం హిందీ చెప్పినం, ఒకరం సోషల్ చెప్పినం. ఈ కాగితం ఇద్దరం కూసోని రాసుకున్నదే. చదివేది ఒకరమైనా మాట ఇద్దరిది. కాబట్టి 'మేము' అన్న కాడల్లా ఇద్దరమూ అని అనుకోండ్రి.

2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలైనయి. అయినంక మా ఊళ్లె మమ్మల్ని అడగనోళ్లు లేరు. "సారూ, టీచరమ్మా, మీ రెండు ఓట్లు ఎటు పడ్డయి?" అని. కొందరు నవ్వుకుంట అడిగిన్రు, కొందరు కోపంగ అడిగిన్రు. ఓటు రహస్యం గదా, మీకెందుకు అని తప్పించుకోవచ్చు. కానీ ఓటు రహస్యం అనేది ఓటరును కాపాడటానికి పెట్టుకున్న కట్టు, ఓటరు నోటికి వేసిన తాళం కాదు. బూత్ లోపల చీటీ చూపెట్టొద్దు. బయట నేనెందుకు వేసిన్నో చెప్పుకుంట అంటే ఎవలూ వద్దనరు. పైగా ఎన్నడన్న ఎవలన్న ఎందుకు వేసిన్రో చెప్తే గదా ఊళ్లె చర్చ అనేది పుట్టేది?

అయితే పేర్లు పెట్టి చెప్తే అది చర్చ కాదు, ఇండ్ల మధ్య కొట్లాట అయితది. ఒక పుస్తకంలోని మనుషుల పేర్లు తీసుకొని చెప్తం. ఆ పేర్లతోని మనుషుల మీద కాకుండ నడవడి మీద మాట్లాడొచ్చు.

ఆ పుస్తకం 'రాగ్ దర్బారీ'. హిందీ నవల. రాసినాయన శ్రీలాల్ శుక్ల. ఉత్తరప్రదేశ్ సర్కారులో అధికారిగా పనిచేసిండు. సర్కారు లోపల కూసోనే సర్కారు బట్టలిప్పి చూపెట్టిండు. 1968లో అచ్చయింది. 1969లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2009 సంవత్సరానికి జ్ఞానపీఠం కూడ ఇచ్చిన్రు. 2011లో ఆయన కాలం చేసిండు. పేరు చూసి సంగీతం పుస్తకమనుకునేరు. ఇది దర్బారులో పాడే పాట, అంటే పెద్దమనిషి గద్దె చుట్టూ చేరి ఊరంతా పాడే పాట.

యాడనో ఉత్తరాది ఊరి కథ మనకెందుకు అని అడగొచ్చు. ఆ పుస్తకంలోని మాటలు వినండ్రి: తహశీల్, దరఖాస్తు, నకలు, దఫ్తర్, అర్జీ. ఇవి మన తాతలు నిజాం జమానాలో వాడిన మాటలే. మనకు తర్జుమా అక్కర లేదు. మాటలే కాదు, ఆ మాటల ఎనుక ఉన్న చక్కర్లు కూడ మనకు ఎరుకే.

వైద్యజీ బైఠక్

ఊరి పేరు శివపాల్‌గంజ్. ఆ ఊరికి పెద్దదిక్కు వైద్యజీ. పేరుకు మందులిచ్చే వైద్యుడు. కానీ ఊళ్లె ఉన్న ఇంటర్ కాలేజీకి మేనేజర్ ఆయనే. కోఆపరేటివ్ యూనియన్‌కు మేనేజింగ్ డైరెక్టర్ ఆయనే. గొంతు పెంచడు, ఎవల్నీ తిట్టడు. ఎప్పుడూ ధర్మం, నీతి, త్యాగం అనే మాట్లాడుతడు. చెయ్యి లేపే పని చెయ్యటానికి వేరే మనుషులున్నరు. కోఆపరేటివ్‌లో గోధుమల గోల్‌మాల్ బయటపడ్డది. అప్పుడు వైద్యజీ ఏం చేసిండు? పెద్దమనసుతోని రాజీనామా చేసిండు. ఆ కుర్చీల కొడుకు బద్రీ పహిల్వాన్ ఎదురులేకుండ కూసున్నడు. త్యాగమంటే గదే!

కాలేజీ మేనేజర్ ఎన్నిక కూడ అంతే. ఎదుటిపక్షం మెంబర్లు మీటింగుకు వచ్చే తొవ్వల మీద వైద్యజీ మనుషులు నిలబడ్డరు. రావాల్సినోళ్లు వచ్చిన్రు, రావద్దన్నోళ్లు రాలేదు. లోపల వైద్యజీ ఏకగ్రీవం.

ఏకగ్రీవం అన్న మాట దగ్గర జర ఆగుదాం. ఒకే గొంతు అని గదా అర్థం. ఊరంతా ఒక్కమాట మీదున్నదంటే మంచిదే. కానీ మిగతా గొంతులు ఏమైనయి అని అడగాలె గద? మా ఊళ్లె నామినేషన్లకు ముందు గుడి కాడ కూసున్నరు. ఖర్చు ఎందుకు, కొట్లాట ఎందుకు, ఎవలు గుడికి ఎక్కువ పైసలిస్తే వాళ్లే సర్పంచ్ అన్నరు. గొడ్ల అంగట్ల బేరం జరిగినట్టే జరిగింది. పైసలు లేని ఇద్దరు ముగ్గురు గడప అవతల నిలబడి విన్నరు. అది కుదరలేదు, మంచిదే అయింది. ఓటుకు పైసలు పంచితే నేరం అని అందరికీ ఎరుక. ఓట్లన్నిటినీ ఒకటేసారి గుత్తకు కొంటే దాన్ని ఊరి ఐక్యత అంటున్నం!

మా ఊరి వైద్యజీ గురించి ఒక్కమాట నిజం చెప్పాలె. ఆయన చెడ్డోడని మేము చెప్పటం లేదు. 2021లో కరోనా రెండో విడత వచ్చినప్పుడు మా ఇంట్లో ఒకరికి ఊపిరాడలేదు. నడిరాత్రి ఫోను చేస్తే కారు పంపించిండు. ఆ మేలు మేము మరువం. ఎన్నికలప్పుడు ఆయన నోరు తెరిచి అడగలేదు. చుట్టూ ఉన్నోళ్లు గుర్తు చేసిన్రు. "ఆ రాత్రి యాది ఉన్నదా సారూ?" అని.

మాకు ఇంతకన్న కష్టమైన సవాల్ ఇంకోటి ఎదురు కాలేదు. మస్తు ఆలోచించినం. మాకు తట్టిన జవాబు ఇది. ఆ రుణం మా ఇంటిది. ఆయనకు ఆపదొస్తే మేము ఉరుకుతం. మా ఒంట్లె శక్తి, మా ఇంట్లె పైసలు ఇస్తం. కానీ ఓటు మా ఇంటి సొమ్ము కాదు. అది ఊరి మోరీలది, బడిది, నీళ్ల ట్యాంకుది. ఊరి సొమ్ముతోని మా సొంత అప్పు ఎట్ల తీరుస్తం?

శనీచర్‌ను చూసి నవ్వుడు

నవలలో పంచాయతీ ఎన్నికలొస్తయి. వైద్యజీ తాను నిలబడడు. తన బైఠక్‌లో భంగు నూరే మనిషిని నిలబెడుతడు. ఆయన అసలు పేరు మంగళదాస్. ఊరంతా పిలిచేది శనీచర్ అని. నిక్కరు, చినిగిన బనీను ఆయన వేషం. నువ్వు ప్రధాన్ అయితవు అంటే ముందు ఆయనకే నమ్మకం కాలేదు.

ఇసుంటి శనీచర్లు మనకు కొత్త కాదు. రిజర్వేషన్ వచ్చిన కాడ పెద్దమనుషులు తమ ఇంట్లె జీతమున్నోన్ని, తమ ట్రాక్టరు డ్రైవరును నిలబెడుతున్నరు. మహిళా సీటయితే భార్య పేరు చీటీ మీద, భర్త కుర్చీ మీద. మా ఊరి సీటు ఈసారి బీసీ జనరల్. మా వైద్యజీ తన దగ్గర ఏండ్ల సంది పనిచేసే మనిషిని నిలబెట్టిండు. తాను వార్డు మెంబరుగా నిలబడ్డడు. ఎందుకో ఎరుకేనా? 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌కు, ఉపసర్పంచ్‌కు కలిపి చెక్ పవర్ ఇచ్చింది. ఉపసర్పంచ్‌ను వార్డు మెంబర్లు తమలో నుంచే ఎన్నుకుంటరు. సర్పంచ్ సీటు రిజర్వ్ అయినా సంతకం చేసే రెండో కలం చేతికి రావాలంటే వార్డు గెలిస్తే సాలు!

ఇక్కడ మాకు నవల రాసినాయనతోని ఒక తకరారున్నది. శనీచర్ బనీను చూపెట్టి ఆయన మనల్ని నవ్విస్తడు. మేము కూడ మొదటిసారి చదివినప్పుడు నవ్వినం. కానీ మా ఊళ్లె పెద్ద కులాలోళ్లు "జీతగాడు సర్పంచా?" అని చాయ్ హోటల్ల నవ్వుతుంటే ఆ నవ్వు మాకు మింగుడు పడలేదు. జీతమున్నోడు సర్పంచ్ కావద్దా? 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలుకు వచ్చింది గిట్లాంటోళ్ల కోసమే గదా? బనీను చినిగితే తప్పు లేదు. ఆయన వాడ మనుషులు మమ్మల్ని నిలదీసిన్రు కూడ. "మావోడు గద్దెనెక్కితే మీకు ఓర్వబుద్ధి కాదా?" అని.

ఓర్వబుద్ధి అయితది. సంబురమే. అందుకనే మేము నేరుగ ఆయన దగ్గరికే పోయి ఒక్కటే అడిగినం. "తమ్మీ, రేపు నువ్వు గెలిస్తే పంచాయతీ మోహరు, చెక్కుబుక్కు ఎవలింట్లె ఉంటయి?" ఆయన తల దించుకున్నడు. "పటేలును అడిగి చెప్త సార్" అన్నడు. ఆ మాటతోని మాకు కడుపుల దేవినట్టయింది. ఆయన మీద కోపం రాలేదు. ఆయన్ను నిలబెట్టినోళ్లు ఆయనకు కుర్చీ ఇయ్యటం లేదు, కుర్చీ మోసే పని ఇస్తున్నరు. అది కూడ ఒక జీతమే. ఆయనకు మేము ఓటెయ్యకపోవటం ఆయన పేదరికానికి శిక్ష కాదు. ఆయన పేరుతోని ఇంకొకలు రాజ్యం చెయ్యటానికి మేము దస్తకత్తు పెట్టలేకపోయినం.

రామాధీన్ వస్తే ఊరు మారుతదా?

నవలలో వైద్యజీకి ఎదురు నిలిచినాయన రామాధీన్ భీఖంఖేడ్వీ. ఒకప్పుడు నల్లమందు దందా చేసి జైలుకు పోయి వచ్చినోడు. తర్వాత జూదం ఆడించేటోడు. అప్పుడప్పుడు కవిత్వం కూడ! ఆయనకు వైద్యజీ చేసే పని మీద కోపం లేదు. ఆ పని తాను చేయలేకపోతున్న అన్నదే బాధ.

మా ఊళ్లె ఒక రామాధీన్ ఉన్నడు. ఇసుక ట్రాక్టర్లు ఆయనవే, బెల్టు షాపు ఆయన మనుషులదే. మాకు బాగ కావాల్సిన దోస్తులు వచ్చి లెక్క చెప్పిన్రు. "సారూ, పటేలును ఓడగొట్టాలంటే ఈయన ఒక్కడే దిక్కు. మూడో మనిషికి వేస్తే ఓటు చీలుతది, మళ్ల పటేలే గెలుస్తడు."

ఈ లెక్క తప్పని మేము అనం. కొన్ని ఎన్నికలల్ల పెద్ద ఆపదను ఆపటానికి చిన్న ఆపదను ఒప్పుకోవాల్సి వస్తది. కానీ అట్ల ఒప్పుకునే ముందు ఒక్కటి తేల్చుకోవాలె. ఇద్దరి మధ్య తేడా ఉన్నదా? ఒకడు చెరువు శిఖం తింటడు, ఇంకొకడు వాగు ఇసుక తింటడు. ఒకని దగ్గర పాత అదబు ఉన్నది, ఇంకొకని దగ్గర కొత్త పైసలున్నయి. తినే చెయ్యి మారితే ఊరి కడుపు నిండదు. తేడా దొరికితే ఆ లెక్క వేసేటోళ్లమే. ఎంత దేవులాడినా దొరకలేదు.

రంగనాథ్ అనే చదువుకున్న బాబు

ఇగ రంగనాథ్. ఈయన వైద్యజీకి మేనల్లుడు. ఎం.ఏ. చదివి పరిశోధన చేస్తున్నడు. పెయి బాగలేక, గాలి మార్పుకని కొన్ని నెలలు మేనమామ ఇంట్లె ఉంటడు. అంతా చూస్తడు. మోసం కనపడుతది, బాధపడుతడు, లోపల్లోపల ఉడికిపోతడు. ఇద్దరు మాస్టర్లను బెదిరించి రాజీనామా చేయించినా సూసుకుంటనే ఉంటడు. ఆఖరికి ఖాళీ అయిన ఆ మాస్టరు కొలువునే ఆయనకు ఇస్తమంటరు. వద్దంటడు. అక్కడివరకు మంచోడే. కానీ ఆ వద్దనుడు తప్ప ఆయన చేతుల నుంచి ఇంకేమీ రాదు.

మా తీరు చదువుకున్నోళ్లకు ఈ రంగనాథ్ అంటే బాగ ఇష్టం. అద్దంలో చూసుకున్నట్టు ఉంటడు. చీటీ మీద ఈయన గుర్తు ఏది? నోటా. 2013 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినంక మన ఎన్నికలల్ల నోటా వచ్చింది. అది మంచి హక్కే, మేము తక్కువ చెయ్యం. నిలబడ్డోళ్లందరూ దొంగలే అయినప్పుడు ఆ మాట లెక్కల్ల పడాల్సిందే. కానీ నిలబడ్డోళ్లల్ల ఒక్క నిజాయితీ మనిషి ఉండి, గెలవరన్న ఒక్క కారణంతోని మనం నోటా గుద్దితే అది నిరసన కాదు. మన చేతులకు మురికి అంటొద్దన్న సోకు. ఊళ్లె ఇద్దరు ముగ్గురు చదువుకున్న పిల్లలు మాతోని "మేము నోటా సార్" అని గర్వంగ చెప్పిన్రు. వాళ్లకు మేము ఈ పుస్తకమే ఇచ్చినం.

లంగడ్ నకలు

ఇగ ఈ నవలలో మాకు నిద్ర పట్టనియ్యని మనిషి లంగడ్. కుంటుకుంట నడుస్తడు, అందుకే ఆ పేరు. తహశీల్ దఫ్తర్‌ల ఆయనకు ఒక కాగితం నకలు కావాలె. నకలు ఇచ్చే గుమాస్తా అయిదు రూపాయలు అడిగిండు. రేటు రెండే గదా అని లంగడ్ బేరమాడిండు. అంటే మొదలు ఆయన కూడ లంచం ఇయ్యటానికి ఒప్పుకున్నోడే, సూడండ్రి! మాట పెరిగింది. ఇగ పైసా ఇయ్యను, కాయిదా ప్రకారమే తీసుకుంట అని లంగడ్ ఒట్టు పెట్టుకున్నడు. నేను కూడ కాయిదా ప్రకారమే ఇస్త అని గుమాస్తా ఒట్టు పెట్టుకున్నడు. దరఖాస్తుల ఒక తప్పు, టికెట్ల ఇంకో తప్పు అనుకుంట తిప్పిన్రు. ఆఖరికి నకలు తయారైంది. నోటీసు బోర్డు మీద పెట్టిన్రు. ఆ రోజులల్ల లంగడ్ జ్వరంతోని పడుకున్నడు. గడువు దాటిందని నకలు చింపేసిన్రు. మళ్ల మొదటి నుంచి దరఖాస్తు.

ఊరంతా ఆయన్ను చూసి నవ్వింది. జాలి కూడ పడ్డది. కానీ ఆయన ఎంబడి తహశీల్‌కు ఒక్కరన్న పోయి నిలబడలేదు. ఆ నవలలో అసలు విషాదం నాకిదని ఒకరం, ఇదేనని ఇంకొకరం ఒకటే మాట అనుకున్నం.

మా ఊరి లంగడ్ ఒక ఆడబిడ్డ. బీడీలు చేసుకొని బతికే మనిషి. భూమి రికార్డులల్ల తన పేరుల ఒక అక్షరం, విస్తీర్ణంల కొన్ని గుంటలు తప్పు పడ్డయి. ఆ తప్పు సరిచేయించుకోను ఏండ్లు తిరిగింది. లంచం ఇయ్యలే. తిరిగి తిరిగి కాగితం చదువుడు నేర్చుకున్నది. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజులల్ల జవాబియ్యాలె అని తెలుసుకున్నది. లంగడ్‌కు లేని ఆయుధం ఆమెకు దొరికింది. తన పని అయినంక ఊరుకోలేదు. పింఛన్ ఆగినోళ్లకు, ఉపాధి కూలి పడనోళ్లకు అర్జీలు రాసిచ్చింది. 'రాగ్ దర్బారీ'లో ఆడవాళ్లు దాదాపు కనపడరు. బేలా అనే పిల్ల గురించి ఊరంతా మాట్లాడుతది గానీ ఆ పిల్ల మాట మనకు వినపడదు. శివపాల్‌గంజ్‌ల లేని మనిషి మా ఊళ్లె ఉన్నది. ఆమె నామినేషన్ వేసింది.

మేము పోయి ఆమెతోని కూడ మాట్లాడినం. లంగడ్ ఎక్కడ ఓడిపోయిండో చెప్పినం. ఒంటరిగ కొట్లాడిండు, తన నకలు కోసమే కొట్లాడిండు, పక్కోన్ని పిలవలేదు. "బిడ్డా, మా ఓటు నీకే. కానీ గెలిచినా ఓడినా గ్రామసభ ఎగ్గొట్టొద్దు, నలుగురిని తోలుకొని రావాలె" అన్నం. ఆమె మమ్మల్నే ఎదురు అడిగింది. "నేను వస్త. మరి మీరొస్తరా? పోయిన అయిదేండ్లల్ల మీరు ఎన్నిసార్లు వచ్చిన్రు టీచరమ్మా?" ఓటు అడిగే మనిషి ఓటరును లెక్క అడిగింది. అప్పుడే మా గులాబీ చీటీ మీద ముద్ర ఖాయమైంది.

గడియారం ఎవలిది?

నవలలో శనీచర్ ఎట్ల గెలిచిండు? పంచాయతీ ఎన్నికలు గెలవటానికి మూడు పద్ధతులు చెప్తడు రచయిత. అండ్ల మూడోది మహీపాల్‌పూర్ పద్ధతి. ఒకసారి ఎన్నికల అధికారి గడియారం పొరపాటున ముందుకు నడిచింది. ఒక పక్షంవాళ్లు ఆ టైముకే వచ్చి ఓట్లేసుకున్నరు. ఇంకో పక్షంవాళ్లు వచ్చేవరకు ఓటింగు బంద్. ఆ తర్వాత ఆ పొరపాటునే పద్ధతి చేసుకున్నరు. శివపాల్‌గంజ్‌ల శనీచర్‌ను గెలిపించింది ఆ గడియారమే.

ఇయ్యాల గడియారం ఎవలూ తిప్పలేరు. కానీ మా కాడ పొద్దుగాల 7 నుంచి 1 గంట దాకనే ఓటింగు. పటేలు ఆటోలు ఏడు కొట్టకముందే వాడల్ల తిరిగినయి. బొంబాయి నుంచి, హైదరాబాద్ నుంచి ఓటర్లను తెచ్చిన బస్సులు రాత్రే దిగినయి. మా లంగడ్‌కు ఓటేసే ఆడవాళ్లు పత్తి ఏరను పోయి, బీడీలు అప్పజెప్పను పోయి, ఉరుక్కుంట వచ్చేసరికి కొందరికి గేటు మూసిన్రు. ముల్లు తిప్పే అవసరమే లేదు. బండి ఎవలదో గడియారం వాళ్లదే.

ఆమె గెలవలేదు. రెండో స్థానంల నిలిచింది. రామాధీన్ మూడో స్థానానికి పోయిండు. అంటే ఓటు చీల్చింది ఎవలన్న సవాల్ మేము కూడ అడగొచ్చు! శనీచర్ సర్పంచ్ అయిండు, వైద్యజీ ఉపసర్పంచ్ అయిండు. "సార్లూ, మీ ఓట్లు మోరీల పడ్డయి" అని నవ్విన్రు.

పడలేదు. ఓటంటే గుర్రప్పందెంల పైసలు కాదు, గెలిచే గుర్రం మీదనే పెట్టనీకి. మనం ఎవలి పక్కన నిలబడ్డమో చెప్పే దస్తకత్తు అది. ఆమెకు వచ్చిన ప్రతి ఓటు, తహశీల్ ముంగట లంగడ్ ఎంబడి నిలబడ్డ ఒక మనిషి. ఇప్పుడు ఆమె పంచాయతీ ఖర్చుల నకలు అడిగితే అది ఒక్క బీడీ కార్మికురాలు పెట్టిన దరఖాస్తు కాదు. ఊళ్లె రెండో పెద్ద గొంతు.

ఇంకొక మాట. ఆ సర్పంచ్ తమ్ముణ్ణి మేము వదిలిపెట్టటం లేదు. 2024 ఫిబ్రవరిల పాత పాలకవర్గం గడువు అయిపోయింది. అప్పటి నుంచి దాదాపు రెండేండ్లు మన ఊళ్లకు ఎన్నికైన సర్పంచ్ లేడు. ఆఫీసర్ల పాలన చూసినం. ఎన్నికైనోడు ఎవలైనా వాడు ఊరోడు, ఊరు అడగొచ్చు. గ్రామసభల అందరి ముంగట "సర్పంచ్ గారూ, మీరు చెప్పండ్రి" అని ఆయన్నే అడగాలె. ఆయన పటేలు దిక్కు చూస్తే "మీరే చెప్పండ్రి" అని మళ్ల అడగాలె. పదిసార్లు అడిగితే పదకొండోసారి మంగళదాస్ మాట్లాడుతడు. శనీచర్‌ను మంగళదాస్ చేసే పని వైద్యజీ చెయ్యడు, ఊరే చెయ్యాలె.

2018 చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ పెట్టాలె. మీ ఊళ్లె పెట్టిన్రా? పెడితే ఎవలెవలు పోయిన్రు? పెట్టకపోతే పెట్టమని రాసిచ్చిన్రా? వైద్యజీలు, రామాధీన్లు ప్రతి ఊళ్లె ఉంటరు, వాళ్లు తమంతట తాము పోరు. లంగడ్లు కూడ ప్రతి ఊళ్లె ఉన్నరు, కానీ ఒంటరిగ ఉన్నరు. మీ ఊరి లంగడ్ ఎవలో ఇయ్యాల ఇంటికి పోయేటప్పుడు యాది చేసుకోండ్రి. వచ్చే గ్రామసభకు ఆ మనిషి పక్కన కుర్చీ వేసుకొని కూసోండ్రి.